ఒకే కూత

మందిమార్బలం పెరిగిందని మురిసిపోతున్నావే, ఇవాళ ఒక్కరినైనా పేరుపెట్టి పలకరించావా? సిగ్గుపడి ఈ కథ విను.

దేశదేశాల పక్షులు చేరిన గుంపులో అందరి మంచిచెడ్డలూ చూసే పని కొంగమామది. ఎగిరేముందు ఒక్కొక్కరినీ వారి కూతతోనే పిలవడం అక్కడి ఆచారం. గుంపు పెరిగేసరికి కొంగమామ విసుగెత్తి, అందరికీ కలిపి ఒకే కూత పెట్టాడు.

"మామా, ఒక్కసారి మా చెరువు కూతతో పిలవవూ? అది విని ఎన్నాళ్లయిందో!" అంది దూరదేశపు బాతు.

"నీకు మేళతాళాలు కూడా పెట్టించాలా? ఉంటే ఉండు, పోతే పో. నీలాంటివాళ్లు బోలెడుమంది!"

బాతు వెళ్లిపోయింది.

ఒక మంచు ఉదయం కొంగమామ కాలు ఊబిలో దిగబడింది. ప్రాణభయంతో ఆ ఒకే కూత పెట్టాడు. అందులో తన కూత వినపడక, వేరెవరినో పిలుస్తున్నాడనుకుని ప్రతి పక్షీ పైనుంచి సాగిపోయింది. బాతు కూత ఎలా ఉండేదో గుర్తుచేసుకుంటూ కొంగమామ ఆ ఊబిలోనే మునిగిపోయాడు.