పలికితే ఎక్కినట్టే

మామిడి కోతలకు కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ పెద్దిరాజు, ఆదివారాలు కాలేజీ పిల్లలను తన వ్యానులో తీసుకెళ్లి ఆగిరిపల్లి కొండ ఎక్కిస్తుంటాడు. తిరుగు ప్రయాణంలో, చీకట్లో ముఖాలు చూడడు. పేరు పిలుస్తాడు. పలికితే బండెక్కినట్టే లెక్క.

ఆ సాయంత్రం దిగుతుంటే హరిచందనకు కాలు మడతపడింది. దివ్య తోడుగా ఆగింది. గాలి లేదు. కింద వ్యాను దగ్గరి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"హరిచందనమ్మా?"

"ఉన్నానండి," అంది కింద ఎవరో. అచ్చం తన గొంతే.

"ఎవరే నాకు ప్రాక్సీ కొట్టింది?" హరిచందన నవ్వబోయింది.

"దివ్యమ్మా?"

"ఉన్నానండి."

పక్కనున్న దివ్య పెదవులు కదల్లేదు. ఆమె హరిచందన చెయ్యిని మాత్రం గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ గొంతు చించుకుని అరిచారు.

కింద ఇంజిన్ స్టార్టయి, ఆగింది.

"పైన ఎవరో అరుస్తున్నట్టుందే," అన్నాడు పెద్దిరాజు.

"మనవాళ్లు కాదులెండి," అంది హరిచందన గొంతు. "పోనివ్వండి."