ముప్పైరెండో బావి

"ఏమాయ మామా?"

సుందరరాజన్ చెప్పులు విప్పకముందే భార్య మీనాక్షి అడిగేసింది. బెంగళూరు బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చాడు మనిషి. పెరట్లో మండుతున్న నీళ్లపొయ్యి ముందు కూలబడి, సంచిలోంచి టైపు కాగితాల కట్ట తీశాడు.

"లేదనేసినారు."

అయ్యో, ఎన్ని నెలల ఆశ! ధర్మపురి కాలేజీలో అతను కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరు. పిహెచ్‌డీ లేనిదే లెక్చరరు కాలేడు. ఆ సీటు కోసం ఆరు చోట్ల అప్లికేషన్ పెడితే, ఇంటర్వ్యూకి పిలిచింది ఈ ఒక్క సంస్థే. అదీ అతను పంపిన పరిశోధన పథకం నచ్చి. ఆ పథకం రాసింది మాత్రం మీనాక్షి. ఎమ్మెస్సీ ఆమెకూ ఉంది. పెళ్లయ్యాక ఆ సర్టిఫికెట్‌ను ట్రంకుపెట్టెలోంచి తీసే పని పడలేదు.

"ఏమడిగినారు?"

"నీళ్లలో ఫ్లోరైడు తీసేదానికి ఇటుకపొడే ఎందుకు, బొగ్గు ఎందుకు కాదు అని."

"పదో పేజీలో రాసినాను కదా మామా! నీకు రెండుసార్లు చెప్పి పంపినాను కదా!"

"నోరు పెగల్లేదు మీనా."

పుట్టినూరు వెల్లిచందైలో ఆమె తల్లి రంగమ్మాళ్ నడుము బావినీళ్లు తాగీ తాగీ వంగిపోయింది. చుట్టుపక్కల ముప్పైరెండు బావుల నీళ్లు సీసాల్లో పట్టి తెచ్చి, ఆదివారాలు కాలేజీ ల్యాబులో పరీక్షించింది మీనాక్షే. ఇటుకపొడిలో వడగడితే ఆ పాడు ఫ్లోరైడు తగ్గుతోందని తేలిననాడు, ఊళ్లో పిల్లలైనా నిటారుగా పెరుగుతారని ఎంత మురిసిపోయిందో!

"నేను రాసింది చూసి అక్కడి ప్రొఫెసర్ ఏమన్నాడు?"

సుందరరాజన్ పొయ్యిలో పుల్లలు ఎగదోశాడు.

"బాగలేదన్నాడు."

మీనాక్షి కళ్లలో నీళ్లు తిరిగాయి. "అంటే... నా వల్లనే పోయిందా నీకు?"

అతను కాగితాలు ఒక్కొక్కటే మంటలో వేయసాగాడు.

"కాల్చొద్దు మామా! బావుల లెక్కలన్నీ దాంట్లోనే ఉండాయి!" ఆమె మిగిలినవి లాక్కుని గబగబా తిరగేసింది. "ఆఖరి పేజీ ఏది? మా అమ్మోళ్ల బావి, ముప్పైరెండోది?"

"వాళ్ల దగ్గరే ఉండిపోయినాది." ఆమె చేతిలోవి మెల్లగా తీసుకుని పొయ్యిలో పెట్టాడు. "ఇంక ఇట్లాంటివి రాయొద్దు మీనా. నామీద ఒట్టు."

అంటూనే భోరుమన్నాడు. ఆరేళ్ల కాపురంలో అతను ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. తన దుఃఖం మరిచిపోయి పక్కనే కూర్చుని, కొంగుతో అతని ముఖం తుడిచింది.

"ఊరుకో మామా. నాకు చేతకానిదానికి నువ్వెందుకు ఏడ్చేది? తప్పు నాది. ఇంక దాని జోలికే పోను, సరేనా? లేచి నీళ్లు పోసుకో, అన్నం వడ్డిస్తాను."

ఆమె లోపలికి వెళ్లింది. గిన్నెల చప్పుడు వినిపించాక సుందరరాజన్ చొక్కాజేబులోంచి మడిచిన కాగితం తీశాడు. ముప్పైరెండో బావి ఉన్న పేజీ. దాని వెనక ప్రొఫెసర్ పచ్చసిరాతో రాసిచ్చిన ముక్కను మరోసారి చదువుకుని, మంటలో పెట్టాడు.

"ఇది రాసినవాళ్లను పంపించు, సీటు వాళ్లదే."