ముందు చక్రం

"ఇది వారంటీలో రాదండీ," అంటూ జయంత్ బేరింగుని బల్ల మీద పెట్టేశాడు.

బల్లకి ఇవతల మరియదాసు నిలబడి ఉన్నాడు. అతని కాళ్ళ దగ్గర యూరియా గోతాం, అందులో మోటారుసైకిలు ముందు చక్రం. పోలీసులు వదిలిన బండిని పాకలో పడేసి, చక్రం ఒక్కటీ ఊడదీసి, ఉయ్యూరు అవతలి పల్లె నుంచి బస్సులో వేసుకుని బెజవాడ షోరూముకి తెచ్చాడు.

"ఎందుకు రాదు? బండి కొని ఇంకా ఏడాది తిరగలేదే."

"నెల తిరక్కపోయినా ఇంతే. ఇటు చూడండి." జయంత్ స్క్రూడ్రైవరుతో బేరింగు మీది మూత లేపాడు. లోపల గ్రీజన్నది లేదు. గోళీల మధ్య తుప్పూ, నల్లటి ఒండ్రూ గట్టిపడి ఉన్నాయి. "కాలవలో దించి కడిగారు. గేదెని కడిగినట్టు బండిని ఇరుసు మునిగేదాకా నీళ్ళలో నిలబెడితే బురద చేరదా మరి? మీవైపు అందరిదీ ఇదే అలవాటు. కాలవలో దించితే వారంటీ పోద్దని కొన్నరోజే చెప్పాం కదండీ."

"చెప్పారు. ఇంటికెళ్ళి నేనూ చెప్పాను."

"చెప్పి ఏం లాభం? ఇట్టాంటివి పరుగులో ఉండగా పట్టేస్తాయి. ఇంతకీ ఎవరికీ ఏం కాలేదుగా?"

మరియదాసు గోతాంలోని చక్రంకేసి చూశాడు.

"మా అబ్బాయండి, జోజిబాబు. కంకిపాడు దాటాక పట్టేసింది. వెనకాల చెరకు ట్రాక్టరు. మాకు దక్కలేదు."

జయంత్ లేచి నిలబడ్డాడు. స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టాలో తోచలేదు. మేనేజరు గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అయ్యో... కూర్చోండి. కానీ నష్టపరిహారం సంగతి నా చేతిలో..."

"పరిహారం నాకెందుకు బాబూ? కొత్త బేరింగు కూడా వద్దు. ఏ బండికి ఎక్కించుకోను?"

"మరి ఎందుకొచ్చారండీ?"

మరియదాసు వెనక్కి చూశాడు. గాజు తలుపు అవతల, మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. పక్కనే ఎవరో కొత్త బండికి దండ వేసి ఫోటోలు దిగుతున్నారు. ఆమె అటు చూడటం లేదు.

"మా ఆవిడ, తెరేసమ్మ. గుణదల తిరనాళ్ళకి వెళ్ళబోయే ముందు చూద్దును గదా, బండి వాకిట్లో తళతళలాడతా ఉంది. చక్రంలో నాచు. కాలవలోకి ఎందుకు దించావురా అని అబ్బాయి మీదికి లేచాను. అది అడ్డమొచ్చింది. 'వాణ్ణేం అనకు. రేవుకి పోతా నేనే తోసుకెళ్ళి కడిగా' అంది. ఇంకేమంటాను? ఊరుకున్నాను."

అతను తువ్వాలు అంచు చేతికి చుట్టుకున్నాడు.

"ఇప్పుడది అన్నం ముట్టటం లేదు బాబూ. పోయి ఆ రేవులోనే కూర్చుంటంది. నీళ్ళకేసి అట్టా చూస్తా ఉంటది. నాకు భయంగా ఉంది. మీరొక్క మాట చెప్పాలి. బేరింగు కంపెనీ నుంచే పాడుది, కడగటానికీ దీనికీ సంబంధం లేదని. రాతకోతలేం వద్దు, నోటిమాట చాలు. నేను చెప్తే నమ్మదు. మీలాంటి టై కట్టుకున్నోళ్ళు చెప్తే నమ్ముద్ది."

"మా బండిలోనే తప్పుందని నేనంటే నా ఉద్యోగం ఉంటదా? రేపు మీరు కోర్టుకెళ్తే?"

"ప్రభువు సాక్షి. వెళ్ళను." మరియదాసు రెండు చేతులూ జోడించబోయాడు.

జయంత్ ఆ చేతులు పట్టుకుని ఆపాడు. "పిలవండి."

తెరేసమ్మ లోపలికి వచ్చి బల్ల ముందు నిలబడింది. అప్పటికే జయంత్ ఒండ్రు కనపడకుండా బేరింగుని గుడ్డలో చుట్టేశాడు.

"అమ్మా, అంతా పరీక్ష చేశాం. దీని తయారీలోనే లోపముంది. మీరు కడిగినా, కడక్కపోయినా ఇట్టాగే అయ్యేది. వారంటీ కింద మేమే ఒప్పుకుంటున్నాం. ఇందులో మీ తప్పేం లేదమ్మా."

ఆమె ఆ గుడ్డకేసి చూసింది. మరియదాసు ఆమె మొహంలోకి వంగి చూశాడు.

"విన్నావా?"

"విన్నా."

"ఎదురుగుండా ఇడ్లీ కొట్టుంది. తెస్తా. తింటావా?"

ఆమె తలూపింది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకుని, దాదాపు పరిగెత్తుతున్నట్టే బయటికి వెళ్ళాడు.

అతను రోడ్డు దాటేదాకా తెరేసమ్మ కదల్లేదు. తర్వాత చెయ్యి చాచి గుడ్డ మడత విప్పింది. కొంచెం ఒండ్రు గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"మా రేవుదే," అంది. "ఆయన చెప్పమన్నాడు కదూ?"

జయంత్ తల దించుకున్నాడు. "మీ మంచికేనమ్మా. తెలీక కడిగారు. దానికి మీరేం చేస్తారు?"

"నేను కడగలేదు బాబూ. అంత బండిని ఆ ఏటవాలులో దించి పైకి తోయటం నా వల్ల అవుద్దా? మా జోజిబాబే దించాడు. ఆయన కొడతాడని నా మీద వేసుకున్నా."

"అయితే ఆ మాట ఆయనతో చెప్పెయ్యండమ్మా! చెయ్యని తప్పు ఇంకా ఎందుకు మొయ్యటం?"

తెరేసమ్మ తలుపు వైపు చూసింది. రోడ్డుకి అటుపక్క మరియదాసు ఇడ్లీ పొట్లం పట్టుకుని, బస్సులు ఆగితే ఇటు రావాలని చూస్తున్నాడు. ఆమె వంగి గోతాం మూతికి ముడి వేసింది.

"ఎట్టా చెప్పను? నాన్నకి చెప్పనని, వాడి నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టేయించుకున్నాడు."