మడ్గార్డు మీది సొట్ట

"ఆ సొట్ట పూడ్చొద్దు బాబూ."

పుట్టీ రేకు పట్టుకున్న పెయింటరు వెనక్కి తిరిగాడు.

షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలాయన. ఎడంచేతిలో సంచి, కుడిచెయ్యి ప్యాంటు జేబులో.

"ఎందుకు పూడ్చొద్దు?"

"ఉంటే ఉందిలే అని."

పెయింటరుకు నవ్వొచ్చింది.

"ఇరవై ఏళ్ళుగా కార్లకు రంగులేస్తున్నా పెద్దాయనా. సొట్ట ఉంచి రంగేస్తే, మొహం కడుక్కోకుండా పౌడరు రాసుకున్నట్టుంటుంది."

షెడ్డులో ఉన్న ఆ పాత ట్రాక్టరు పెయింటరు తండ్రిది. కొన్నాక మళ్ళీ రంగు చూడలేదు. వెనక మడ్గార్డు మీద గుమ్మడికాయ పట్టేంత సొట్ట. తియ్యిద్దామని ఎన్నిసార్లన్నా తండ్రి "అదక్కడే ఉండనీ" అనేవాడు. పిసినారితనం అనుకునేవాడు కొడుకు.

ఇప్పుడు తల్లికి చూపు తగ్గిపోతోంది. ఇక మందుల్లేవని డాక్టరు చెప్పేశాడు.

"బండి ఇంటికొచ్చిన రోజు ఏ రంగులో ఉందో, ఆ రంగులో ఒక్కసారి చూడాలనుందిరా" అందామె.

ఆ ఒక్క మాట మీద, వచ్చిన కార్లన్నీ వెనక్కి పంపి నెలరోజులుగా దీన్నే పట్టుకున్నాడు.

"ఈ బండాయన..." ముసలాయన అడగబోయి ఆగాడు.

"మా నాన్న. పోయి మూడేళ్ళయింది."

ముసలాయన సంచి కింద పెట్టాడు. ఖాళీ డబ్బా ఒకటి బోర్లించుకుని దానిమీద కూలబడ్డాడు.

పెయింటరు రేకుముక్క మీద ఎరుపు రంగు కొట్టి చూసుకుంటున్నాడు.

"రంగు కూడా ఇది కాదు బాబూ."

"కంపెనీ రంగుల కార్డులో ఇదే ఉంది."

"ఇది కోసిన పుచ్చకాయ ఎరుపు. దీనిది కాలిన ఇటుక ఎరుపు. ఆ సొట్ట మడతలోకి చూడు. ఎండ తగలని రంగు అక్కడ మిగిలుంది."

పెయింటరు చూడలేదు.

ముసలాయన లేచి, ఒక డబ్బా మూతలో కాస్త ఎరుపు, కాస్త పసుపు, చుక్క నలుపు వేసి పుల్లతో కలపసాగాడు. మూత జారిపోతుంటే కుడిచెయ్యి బయటికి తీశాడు. దానికి మూడే వేళ్ళు.

"ఉన్న వేళ్ళతో మూతే ఆపలేకపోతున్నావు, నాకు రంగులు నేర్పుతావా?" పెయింటరు నోరు జారాడు.

ముసలాయన నవ్వేసి చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. మూతను జాగ్రత్తగా అరమీద పెట్టాడు.

"పోయేముందు ఒక్కసారి సీటు మీద కూర్చోనా?"

"సీటు చుట్టూ ప్రైమరు పచ్చిగా ఉంది. రంగు పనయ్యాక రా, చూద్దాం."

రెండు రోజుల్లో సొట్ట పూడింది. నున్నగా రుద్ది, కార్డులోని ఎరుపే కొట్టాడు. ఆఖరి కోటు వేసి అన్నానికి వెళ్ళొచ్చేసరికి, మడ్గార్డు మీద పచ్చిరంగులో మూడు వేళ్ళ గుర్తులు.

ముసలాయన పక్కనే నిలబడున్నాడు. వేళ్ళకు ఎరుపు.

"నీకేం పోయేకాలం వచ్చింది? కళ్ళు కనబడవా?"

"సొట్ట ఎక్కడుందా అని తడిమాను బాబూ. పొరపాటైంది."

"ఇంకోసారి ఈ గడప తొక్కావంటే మర్యాద దక్కదు!"

ముసలాయన సంచి తీసుకుని మెల్లగా వెళ్ళిపోయాడు. సీటు మాట మళ్ళీ ఎత్తలేదు.

పెయింటరు తిట్టుకుంటూ ఆ గుర్తుల్ని వాటర్ పేపరుతో రుద్ది, మళ్ళీ రంగు కొట్టాడు.

ఆ తర్వాత మూడోరోజు తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె బండి దగ్గరగా మొహం పెట్టి చూసింది.

"మెరుస్తోందిరా. కానీ పొరుగింటి బండిలా ఉంది."

కొడుకు మొహం చిన్నబోయింది. ఆమె చెయ్యి తనంత తానే మడ్గార్డు మీదికి వెళ్ళింది.

"సొట్టేదిరా?"

"ఎక్కడుండేదో కనిపెట్టు చూద్దాం!" కొడుకు మళ్ళీ హుషారయ్యాడు.

తల్లి చెయ్యి ఆగిపోయింది. ఆసరా కోసం పక్కనున్న అర పట్టుకుంది. వేళ్ళకు డబ్బా మూత తగిలింది. కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదేరా మన బండి రంగు! ఎవరు కలిపారు?"

"ఎవరో ముసలాయనలే అమ్మా. సొట్ట పూడ్చొద్దని ఒకటే నస."

"ఎలా ఉంటాడు?" తల్లి గొంతు మారింది. "ఆ చెయ్యి..."

"మూడే వేళ్ళమ్మా."

"నువ్వప్పటికి పుట్టలేదు. బండి కాలవగట్టు మీంచి పక్కకు పడింది. మీ నాన్న మడ్గార్డు కింద ఇరుక్కున్నాడు. దారినపోయే ఒకాయన రాయి దూర్చి ఆపాడు. ఆ రాయి నొక్కుకునే రేకు సొట్టపోయింది, రాయికీ రేకుకీ మధ్య ఆయన చెయ్యి చిక్కుకుంది. రెండు వేళ్ళు నలిగిపోతున్నా జనం వచ్చేదాకా లాక్కోలేదురా. లాక్కుంటే రాయి కదిలి బండి మీ నాన్న మీద పడుతుందని."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఆ సంగతి ఎత్తితే మీ నాన్నకు వణుకొచ్చేది. మీ నాన్న బండెక్కించి తిప్పుతానంటే, 'చెయ్యి మానాక వస్తాలే' అన్నాడట ఆయన. పేరైనా చెప్పలేదు. ఎప్పుడొచ్చినా బండిని గుర్తుపట్టాలని, మీ నాన్న ఆ సొట్ట తియ్యనివ్వలేదు. రంగూ మార్చనివ్వలేదు."

కొడుకు వాకిట్లోకి పరుగెత్తాడు. ఇటు చివరిదాకా, అటు చివరిదాకా చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

వెనక్కొచ్చి మడ్గార్డు ముందు కూర్చున్నాడు. తను రుద్ది చెరిపేసిన ఆ మూడు వేళ్ళ గుర్తులు ఎక్కడుండేవోనని, అద్దంలాంటి రేకు మీద, చూపులేనివాడిలా తడుముతూ ఉండిపోయాడు.