కుండ చుట్టూ తోడు

"ఇంకా తాగితే కాలేయం పోయి చస్తావన్నాడు డాక్టరు. నేను మానేస్తున్నాను," అంటూ ఒకిరోర్ తను పీల్చే పొడుగు గొట్టాన్ని మా అందరి రాగికల్లు కుండలోంచి పైకి లాగాడు.

"శభాష్ బావా! మేమంతా నీకు తోడు," అన్నాడు సైమన్, తన గొట్టం నోట్లోంచి తియ్యకుండానే. "రోజూ వచ్చి మా మధ్యే కూర్చో. గొట్టం ఊరికే పట్టుకో, పీల్చకు."

కుండ చుట్టూ ఉన్న మేమందరం తలలూపాం.

"అయితే ఎవరైనా నాతో ఇంటిదాకా రండి. దారిలో మూడు కల్లు పాకలున్నాయి. ఒక్కణ్ణే దాటలేను."

అప్పుడే కల్లు అమ్మే అసెకెన్యే, అడుగున ఉన్న రాగిపిండి మళ్ళీ ఊరేలా కుండలో వేడినీళ్ళు పోసింది. కల్లు నురగెత్తింది. అందరం వంగాం.

లేచింది ఎచెరు ఒక్కడే. పొలం గట్టు తగాదాతో అతనికీ ఒకిరోర్‌కీ మాటల్లేవు.

"నడు," అన్నాడు.

"నువ్వా? నేను చస్తే ఆ గట్టు నీదేగా!"

"తాగి చచ్చినోడి మీద గెలిస్తే అదీ ఓ గెలుపేనా? పంచాయితీలో నువ్వు తిన్నగా నిలబడాలి. అప్పుడు ఓడిస్తా."

"నీ మొహం! నువ్వా నన్ను ఓడించేది?"

తిట్టుకుంటూనే ఇద్దరూ మొదటి కల్లు పాక దాటేశారు. ఒకిరోర్ అటు చూడనైనా లేదు.

"రేపూ రారా, నీకింకా చెప్పాల్సింది ఉంది!" అని ఒకిరోర్ అరుపు వినిపించింది.

"పాపం, ఒంటరివాడైపోయాడు," అన్నాడు సైమన్, ఖాళీ అయిన చోటులోకి జరుగుతూ.