కండ లేని చెయ్యి

సూది ఎముకకి తగిలింది.

తగిలినట్టు జోజిబాబు వేళ్ళకి తెలిసింది. ముసలావిడకి ఇంకా బాగా తెలిసే ఉంటుంది. అయినా కెవ్వుమనలేదు. ఒకసారి కళ్ళు మూసి తెరిచింది, అంతే.

అతను గబుక్కున సూది కాస్త వెనక్కి లాగి, మందు ఎక్కించేశాడు.

నూజివీడులో డాక్టర్ బసవపున్నారావు గారి దగ్గర కాంపౌండరుగా చేరి ఆ రోజుకి సరిగ్గా నెల. అది ఎనభై నాలుగో సంవత్సరం వేసవి. నెల్లాళ్ళు చూసి పనికొస్తే ఉంచుతాననీ, లేకపోతే సొంతూరు చాట్రాయికి పంపేస్తాననీ డాక్టరు గారు ముందే చెప్పారు. ఆయన తెర వెనక గదిలోనే ఉన్నారు.

బయట బల్ల నిండా జనం. మామిడి కోతల రోజులు. కాయల జీడి కారి చెంపలు కాలినవాళ్ళు, కొమ్మ మీంచి జారినవాళ్ళు. ముసలావిడ కాయల పెట్టె మేకు తొక్కి వచ్చింది. వెలిసిన నేతచీర, అరిగిన చెప్పులు. 'సవరమ్మ, 70, ముసునూరు' అని చీటీ మీద రాసుకున్నాడు. అంతకుమించి అడగాలనిపించలేదు.

చెయ్యి తప్పిందంటే ఉద్యోగం పోతుంది. అందుకని తప్పుని ఆవిడ చేతి మీదకి తోశాడు.

"ఏంటి మామ్మా, ఇదేం చెయ్యి? కండన్నది ఉంటేగా సూది ఆగడానికి. ఊచకి తోలు తొడిగినట్టుంది," అన్నాడు, అందరికీ వినబడేలా.

బల్ల మీద నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వినవారు తోటలవారి ప్రమీలారాణి గారు. ఆవిడ వారం వారం బలం ఇంజెక్షనుకి వస్తారు. ఆవిడ చేతిలో కండ ఎక్కడ దాక్కుందో వెతికేలోపే సూది పొడవంతా అయిపోతుంది. ఆ మాట జోజిబాబు పైకి ఎప్పుడూ అనలేదు.

"నాలోంచి సగం ఆవిడకిచ్చెయ్యవయ్యా, ఇద్దరం మనుషుల్లా ఉంటాం," అన్నారు ప్రమీలారాణి గారు.

సవరమ్మ కూడా నవ్వింది.

"వయసు మళ్ళితే కండ కరిగిపోతుంది బాబూ. కొందరికి ఆ చోట కొవ్వు చేరుతుంది, నాలాంటివాళ్ళకి అదీ చేరదు." తర్వాత గొంతు తగ్గించింది. "ఇలాంటి చెయ్యొస్తే వేళ్ళతో దగ్గరికి పట్టి, కాస్త ఎత్తి, సూది సగమే దించు."

జోజిబాబు చెవులు వేడెక్కాయి.

"నాకు నేర్పక్కర్లేదు గానీ, ఆ దూది గట్టిగా నొక్కి పట్టుకో."

ఆవిడ అలాగే పట్టుకుని, కుంటుకుంటూ తెర వెనక్కి వెళ్ళింది.

తన మీద చెప్పడానికే అనుకున్నాడు. లోపలి మాటలు వినబడలేదు. కాసేపటికి దొడ్డివైపు డాక్టరు గారి స్కూటరు స్టార్టయింది. రోగుల్ని వదిలేసి ఆయన మధ్యలో లేవడం ఈ నెలలో ఎన్నడూ చూడలేదు. స్టవ్వు మీద సిరంజిల గిన్నెలో నీళ్ళు ఇగిరిపోతున్నా జోజిబాబు చూసుకోలేదు. మనసులో ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాడు.

పావుగంటకి ఆయన వచ్చి లోపలికి పిలిచారు.

"సవరమ్మ గారిని ముసునూరు బస్సెక్కించి వచ్చాను. కుర్రాడి పనెలా ఉందని ఆవిణ్ణి అడిగాను. మంచి చెయ్యి, ఇంకాస్త కుదురుకోవాలి, ఉంచుకోమన్నారు. రేపట్నుంచి నీకు పర్మనెంటు."

నెల్లాళ్ళుగా ఎదురుచూసిన మాట. జోజిబాబు తల ఎత్తలేకపోయాడు.

"ఇంకేమన్నారండీ?"

"ఏమీ అనలేదే. ఏం?"

"ఆవిడ... ఎవరండీ?"

"నేను కొత్తలో పనిచేసిన పెద్దాస్పత్రిలో నర్సు, రిటైరయ్యారు. కొత్తవాళ్ళ చేతిలో రోగులు బాధపడకూడదని, మొదటి సూది తన చేతికే గుచ్చమనేవారు. ముప్పయ్యేళ్ళ పాటు, నాతో సహా, మేమంతా ఆ చేతి మీదే నేర్చుకున్నాం."