కరుణగారి వేసవి కబుర్లు

"నాకు సంపెంగపువ్వంటే ప్రాణమని మీకెవరు చెప్పేరండీ?" అంది కరుణ, వారపత్రిక తెచ్చి మొగుడి ఒళ్లో పడేసి.

పాపారావు మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు. "ఏదో రాసేనే. ఆడవాళ్లకి ఇష్టమే కదా."

"దాని వాసనకి నాకు తలనొప్పి. పనసపొట్టు కూర ఇష్టమంట. అది మీకిష్టం. తెల్లారకుండా లేచి డాబా మీద కూర్చుని కథలు రాసుకుంటానంట. తెల్లారకుండా లేచి నేను చేసేది మీ టిఫినీ."

విషయం ఏంటంటేనండీ, ఇది తొంభై అయిదు నాటి మాట. అమలాపురంలో మాస్టారు కథలు రాసేవాడు. ఆడవాళ్ల పేరుతో పంపితే తొందరగా వేస్తారని ఎవరో చెబితే, పెళ్లాం పేరు పెట్టి పంపేడు. నిజంగానే వేసేరు. ఒకటి కాదు, నలభై వేసేరు. దీపావళికల్లా ఓ సీరియల్ కూడా రాసిమ్మన్నారు. ఆ పత్రికవాళ్లు ఎండాకాలానికోసారి, వానాకాలానికోసారి రచయిత్రుల కబుర్లు వేస్తారు. ఎలా ఉన్నారు, ఏవి ఇష్టం, ముందుముందు కార్యక్రమాలేంటి, ఇలాంటివి. కరుణ పేరు మీద అదీ మాస్టారే రాసి పంపేడు.

"సర్లే, సంపెంగ తప్పయిపోయింది. నీకేం ఇష్టమో చెప్పు, వానాకాలానికి అది రాస్తాను."

"ఇరవై రెండేళ్లు కాపరం చేసి ఇప్పుడడుగుతున్నారా? అది సరే, ముందు ఈ కార్డు సంగతి చూడండి."

కార్డు ఐ.పోలవరం నుంచి వచ్చింది. 'నా అభిమాన రచయిత్రి జ్యోతిర్మయిగారు, జీవితంలో ఒక్కసారైనా ఆవిణ్ణి చూడాలి' అని కబుర్లలో రాసేడు మాస్టారు. అది ఆవిడ కంట్లో పడింది. వచ్చే ఆదివారం మావారూ నేనూ మీ ఇంటికే వస్తున్నామండీ అని కార్డు రాసేసింది.

మాస్టారు కార్డు రెండుసార్లు చదివేడు. "ఆ ఒక్క పూటా నువ్వు రచయిత్రిలా కూర్చోవాలి కరుణా. ఆవిడకి తెలిస్తే పత్రికవాళ్లకి తెలిసిపోద్ది. సీరియల్ పోద్ది."

"మీ కథ ఒక్కటీ చదవలేదు నేను."

"ఒక్కటి కూడానా?"

"తీరికేదండీ?"

ఆ మాట మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంది గానీ, బాధపడ్డానికి టైము లేదు. నాలుగు రోజులు కూర్చోబెట్టి పాఠం చెప్పేడు.

"ఎలా రాస్తారని అడిగితే, పాత్రలే నన్ను నడిపిస్తాయండీ అను."

"ఎక్కడికి నడిపిస్తాయి?"

"అంతదాకా అడగరు. నవ్వి ఊరుకో."

ఆదివారం వీళ్లు చర్చి నుంచి వచ్చి చెప్పులిప్పేసరికి గుమ్మంలో రిక్షా ఆగింది. జ్యోతిర్మయిగారు సన్నగా, పరీక్ష హాల్లోకి వెళ్తున్న పిల్లలా ఉన్నారు. భర్త చిన్నబ్బాయిగారు రొయ్యల చెరువులాయన. ఆరడుగుల మనిషి, ఇంత మీసం.

"లోపలికి రండి వదినగారూ," అని కరుణ ఆవిణ్ణి గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసేసింది.

మగాళ్లిద్దరూ వరండాలో కొబ్బరిబొండాలు పట్టుకుని కూర్చున్నారు. లోపల ముందు చప్పుడు లేదు. తర్వాత గుసగుసలు. తర్వాత ఓ పెద్ద నవ్వు. తర్వాత మళ్లీ ఏమీ లేదు. మాస్టారు చెవి తలుపు వైపే ఉంది. చూస్తే చిన్నబ్బాయిగారి చెవీ అటే ఉంది.

ఊరికే కూర్చోలేక చిన్నబ్బాయిగారు కదిపేరు. "మీ ఆవిడగారి కథలో, పడవెక్కేటప్పుడు ఆ పెళ్లికూతురు ఏడవకుండా నవ్వుద్ది చూడండి. చెరువుగట్టు మీద కూర్చుని చదివేనండీ. తువ్వాలు తడిసిపోయింది."

మాస్టారు ఒళ్లు మరిచిపోయేడు. "అది పదకొండుసార్లు కొట్టేసి రాసేనండీ."

చిన్నబ్బాయిగారు బొండాం దించేరు. "మీరు రాసేరా?"

మాస్టారు నాలిక్కరుచుకుని తలుపు వైపు చూసేడు.

చిన్నబ్బాయిగారు అటూ ఇటూ చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "కంగారు పడకండి మాస్టారూ. జ్యోతిర్మయి పేరుతో రాసేది కూడా నేనేనండి."

"మీరా? ఆ మల్లెపందిరి కథ? ఆ కోడలు చీర మడతపెడతా బాధపడే కథ?"

"ఆయ్. రొయ్యలకి మేత జల్లేసి వచ్చి రాస్తానండి. మీ రచయిత్రిగారిని చూడాలని ఆ కార్డొక్కటీ మా ఆవిడ రాసేసిందండి."

ఇద్దరూ చేతులు పట్టేసుకున్నారు. నవ్వాపుకోలేక మాస్టారికి పొలమారింది. ఇంకేం, సీరియల్‌కి ఢోకా లేదు.

"పాపం, లోపల ఆడాళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు నిజం రచయిత్రులనుకుని బిక్కచచ్చిపోయి ఉంటారండి," అన్నారు చిన్నబ్బాయిగారు.

"అలాగే ఉండనివ్వండి. మన సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి."

భోజనాల వేళకి తలుపు తెరుచుకుంది. ఇద్దరాడవాళ్లూ ఎన్నాళ్లనుంచో ఎరిగున్నట్టు భుజాలు రాసుకుంటా వచ్చేరు. కరుణ చేతిలో అంటించేసిన కవరుంది, పైన పత్రిక అడ్రసు.

"వానాకాలం కబుర్లండీ. వదినగారూ నేనూ కూర్చుని రాసేసేం. మీకెందుకు శ్రమ. వీళ్లని బస్సెక్కించి, దారిలో డబ్బాలో వేసేయండి."

గండం గడిచిన సంతోషంలో మాస్టారు అది విప్పి చూడలేదు. ఈలపాట పాడుకుంటా వెళ్లి పోస్టుడబ్బాలో వేసొచ్చేడు.

మూడు వారాలకి పత్రిక వచ్చింది. మాస్టారు వీధిలోనే నిలబడి తిప్పేడు. 'ఈసారి కొత్తగా, రచయిత్రి కరుణగారి భర్త పాపారావుగారి వానాకాలం కబుర్లు' అనుంది. కింద ఇలా ఉంది:

'నేను కులాసా. తెల్లారకుండా లేచి మా ఆవిడకి కాఫీ పెట్టడమంటే నాకు ప్రాణం. ఇష్టమైన పని అంట్లు తోమడం. ఇక రాబోయే కార్యక్రమాలు. మా కరుణ సీరియల్ రాసుకోవాలి గనక దీపావళిదాకా మూడుపూట్లా వంట నాదే. ఐ.పోలవరంలో చిన్నబ్బాయిగారిదీ ఇదే కార్యక్రమం.'